ఆడని సినిమా, పేరు లేని క్యాసెట్: మన చెవిన పడని పాటలు

2005లో ‘చక్రం’ సినిమా వచ్చింది, పోయింది. కృష్ణవంశీ దర్శకత్వం, ప్రభాస్ హీరో, అయినా జనం ఆదరించలేదు. ఇప్పుడు ఆ కథ చెప్పమంటే చాలామంది తడుముకుంటారు. అందులోని ‘జగమంత కుటుంబం’ పాట తెలియనివాళ్లు మాత్రం తెలుగునాట అరుదు. రాసింది సిరివెన్నెల సీతారామశాస్త్రి, పాడింది శ్రీ, బాణీ కట్టింది మా జిల్లావాడు చక్రి. మహబూబాబాద్ దగ్గరి కంబాలపల్లి ఆయన ఊరు. అప్పట్లో అది వరంగల్ జిల్లాలోనిదే. చక్రి 2014 డిసెంబరులో, శ్రీ 2015 ఏప్రిల్‌లో, సిరివెన్నెల 2021 నవంబరులో వెళ్లిపోయారు. పాట ఉంది.

ఈ పాటను చూపించి ‘మంచి పాట ఎక్కడున్నా బతికి బట్టకడుతుంది’ అంటుంటారు. నేను ఒప్పుకోను. ఆ పాట వెనుక చాలా దన్ను ఉంది. పెద్ద హీరో, పేరున్న కవి, పాటను భద్రంగా దాచుకుని మళ్లీ మళ్లీ అమ్ముకోగల ఆడియో వ్యాపారం, సందర్భం దొరికినప్పుడల్లా వేసే టీవీ చానళ్లు. ఇవేవీ లేని పాట ఎంత బాగున్నా తనను మోసుకొచ్చిన దానితోపాటే మునిగిపోతుంది. సినిమా పోతే సినిమా పాట పోయింది. కంపెనీ మూతపడితే ఆల్బమ్ పోయింది. టేపు చెడిపోతే క్యాసెట్ పాట పోయింది. తెలుగులో వినకుండా వదిలేసిన పాటల్లో ఎక్కువ భాగం బాగోలేక మరుగున పడినవి కావు, ఇలా పోయినవే. వరంగల్‌లో ఉండి చుట్టూ చూస్తే ఈ సంగతి ఇంకా తేటగా కనబడుతుంది. ఎందుకంటే ఇక్కడ పాటకు ఏనాడూ కరువు లేదు, పాటను నమోదు చేసే పద్ధతికే కరువు.

ఈ సమీక్షలో రాక్, పాప్ అన్న మాటలను కాస్త విశాలంగానే వాడుతున్నాను. శాస్త్రీయ కచేరీకి చెందకుండా, జనం కోసం కట్టి, రికార్డయి బయటికొచ్చిన పాట ఏదైనా నా లెక్కలో పాపే. గిటారుతో వచ్చినా సరే, డప్పుతో వచ్చినా సరే.

బయటి ప్రపంచంలో మరుగున పడ్డ పాటలు మళ్లీ దొరికిన కథలు కొన్ని చాలామందికి తెలుసు. అమెరికాలో డెట్రాయిట్‌కు చెందిన రోడ్రిగెజ్ 1970లో ‘కోల్డ్ ఫ్యాక్ట్’ ఆల్బమ్ చేశాడు. స్వదేశంలో అది అమ్ముడుపోలేదు. దక్షిణాఫ్రికాలో మాత్రం ఒక తరమంతా దాన్ని పాడుకుంది, ఆ సంగతి ఆయనకు ఏళ్లపాటు తెలియనే తెలియదు. 2012లో వచ్చిన డాక్యుమెంటరీతో లోకమంతా ఆయన పేరు విన్నది. మన దేశంలోనే ఇంకో కథ ఉంది. బెంగాలీ గాయని రూపా బిస్వాస్ కెనడాలోని కాల్గరీలో, సరోద్ విద్వాంసుడు ఆశిష్ ఖాన్ తోడుగా ‘డిస్కో జాజ్’ రికార్డు చేసింది. 1982లో విడుదలైంది, ఎవరూ పట్టించుకోలేదు. ఇంటర్నెట్ వచ్చాక విదేశాల్లో రికార్డులు సేకరించేవాళ్లు దాని కోసం వెతుక్కున్నారు, 2019లో అమెరికా కంపెనీ ఒకటి మళ్లీ అచ్చువేసింది. అదే 1982లో బొంబాయి వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ పది రాగాలను సింథసైజర్ మీద డిస్కో దరువుకు వాయించాడు. 2010లో మళ్లీ విడుదలైనప్పుడు, యూరప్, అమెరికాల్లో తర్వాతెప్పుడో పుట్టిన నృత్య సంగీతానికి ఇది ముందే వచ్చిన రూపమని విన్నవారు ఆశ్చర్యపోయారు.

ఈ ముగ్గురినీ కలిపేది ఒకటే. రికార్డు అట్ట మీద పేరుంది, ఏడాది ఉంది, కంపెనీ ఉంది. వెతికేవాడికి కొస దొరికింది, దాన్ని పట్టుకుని పోతే మనిషి దొరికాడు. మన పాటలకు ఆ కొస ఉందా అన్నదే అసలు ప్రశ్న.

ముందు కాస్తో కూస్తో నమోదైన వాటినే చూద్దాం. చక్రి అనగానే ‘ఇడియట్’, ‘అమ్మా నాన్నా ఓ తమిళ అమ్మాయి’ హోరు గుర్తొస్తుంది. పూరి జగన్నాథ్ సినిమాల్లో ఆయన కట్టిన ఆ దరువులు ఒక కాలాన్ని ఏలాయి. 2000లో పూరి తీసిన ‘బాచి’ చక్రికి తొలి సినిమా. ఆడలేదు, పాటలూ దానితోనే వెనక్కి పోయాయి. కానీ చక్రిలోని అసలు సంగీతకారుడు నాకు వంశీ సినిమాల్లో ఎక్కువ వినిపిస్తాడు. ‘ఔను వాళ్లిద్దరూ ఇష్టపడ్డారు’ (2002) ఆడింది కాబట్టి అందరూ విన్నారు. 2009 నాటి ‘గోపి గోపిక గోదావరి’కి ఆ అదృష్టం లేదు. అందులో చక్రి, కౌసల్య పాడిన ‘నువ్వక్కడుంటే నేనిక్కడుంటే’ ఒక్కటి ఎలాగో బయటపడి ఫోన్లలో తిరిగింది. మిగతా పాటలు విన్నవారు ఎందరో చెప్పలేను.

ఆ పాటను ఒకసారి తీరిగ్గా వినండి. చక్రి గొంతు తీర్చిదిద్దిన గొంతు కాదు. పై స్వరాలకు పోయినప్పుడు సన్నబడుతుంది, మాట చివర కాస్త వాలిపోతుంది. కౌసల్య గొంతు నిండుగా, స్థిరంగా ఉంటుంది. దూరాన ఉన్న ఇద్దరి మధ్య మాటల్లా సాగే పాటకు ఈ తేడానే ప్రాణం. ఇద్దరూ సమానంగా ఆరితేరినవారైతే అది యుగళగీతమయ్యేది గానీ, సంభాషణ అయ్యేది కాదు. వాద్యాలు పాటను తరమవు, పక్కన నడుస్తాయి. బాణీ కట్టిన మనిషే పాడితే ఏమొస్తుందో తెలుసుకోవడానికి ఇది మంచి నమూనా. చక్రి తాను పాడిన పాటలన్నీ ఒకచోట పెట్టి వింటే, మాస్ బాణీల చక్రి పక్కన ఇంకో చక్రి కనబడతాడు. ఆ పని ఇంతవరకు శ్రద్ధగా చేసినవారు లేరు.

‘జగమంత కుటుంబం’ పాడిన శ్రీ విషయంలో మనం చేసిన అలక్ష్యం ఇంకా పెద్దది. సంగీత దర్శకుడు చక్రవర్తి కొడుకు ఆయన. 1993లో ‘మనీ’, ‘గాయం’ చేశాడు. ‘గాయం’లో సిరివెన్నెల పాటలు చరిత్రకెక్కాయి గానీ, వాటికి అంత బిగువు తెచ్చిన సంగీతం గురించి ఎవరూ మాట్లాడరు. ‘మనీ’లో ‘భద్రం బీ కేర్‌ఫుల్ బ్రదరూ’ వింటే, తెలుగు మాటల సహజమైన విరుపుల్ని చెడగొట్టకుండా పాశ్చాత్య పాప్ నడకలో కూర్చోబెట్టడం ఎలాగో తెలుస్తుంది. ఇది తేలిక పని కాదు. తెలుగులో చాలా పదాలు అచ్చుతో ముగుస్తాయి, రాక్ దరువు హల్లు దగ్గర విరగ్గొట్టమంటుంది. చాలామంది ఇంగ్లిషు ముక్కలు చొప్పించి తప్పించుకుంటారు. శ్రీ, సిరివెన్నెల కలిసి తెలుగు వాక్యాన్నే ఆ దరువు మీద నడిపించారు. 1996లో గుణ్ణం గంగరాజు తీసిన ‘లిటిల్ సోల్జర్స్’కూ శ్రీదే సంగీతం. పిల్లల సినిమా అని పక్కన పెట్టేశారేమో తెలియదు గానీ, ఆ ఆల్బమ్ పెద్దలు కూర్చుని వినదగినది. ‘సింధూరం’ (1997) వసూళ్లలో దెబ్బతిన్నది, అందులోని ఒక పాట మాత్రం ఇప్పటికీ సభల్లో మోగుతోంది. శ్రీ చేసిన సినిమాల సంఖ్య తక్కువ. ఆయన మీద ఒక మంచి పుస్తకం రావాల్సింది, రాలేదు.

ఇంకొంచెం వెనక్కి వెళితే క్లబ్బు పాటలు. పరువు తక్కువ పాటలన్న ముద్రతో ఇళ్లలో రేడియో గొంతు తగ్గించేవారు. నా అభిప్రాయంలో తెలుగు సినిమాలోకి రాక్ అండ్ రోల్, లాటిన్ దరువులు వచ్చింది ఎక్కువగా ఆ గుమ్మం గుండానే. నాయిక పాట మర్యాదగా ఉండాలి, హీరో పాట గంభీరంగా ఉండాలి. ప్రయోగం చేయాలంటే సంగీత దర్శకుడికి మిగిలింది క్లబ్బు డ్యాన్సు. ఎలక్ట్రిక్ గిటారు, బాంగో, ట్రంపెట్ ఏది కొత్తగా చేతికొచ్చినా అక్కడే పరీక్షించారు. ఆ పరీక్షలకు గొంతిచ్చింది ఎక్కువగా ఎల్.ఆర్. ఈశ్వరి. ‘దేవుడు చేసిన మనుషులు’ (1973)లో ‘మసక మసక చీకటిలో’ రమేష్ నాయుడు బాణీ. జానపదపు మెత్తదనానికి పేరుపడ్డ మనిషి ఆ పాటలో ఎంత తెగువ చూపాడో వినాల్సిందే. తర్వాతి కాలంలో స్మిత రీమిక్స్ చేసి పాడాక కొత్త తరం ఆ పాట విన్నది, అసలు పాట మాత్రం ఎందరు విన్నారో. ఈశ్వరి తెలుగు పాటలను నాట్యం, వేషం, తెర మీది దృశ్యం పక్కన పెట్టి వట్టి చెవితో వినండి. ఊపిరిని కూడా వాద్యంలా వాడుకున్న గాయని దొరుకుతుంది.

వాద్యబృందం మీద తీసిన సినిమా కూడా మనకు ఒకటుంది. 1979లో బాలచందర్ తమిళ, తెలుగు భాషల్లో తీసిన సినిమాకు తెలుగు పేరు ‘అందమైన అనుభవం’. కమల్‌హాసన్, రజనీకాంత్, జయప్రద, సింగపూర్ ప్రయాణం, ఎం.ఎస్. విశ్వనాథన్ సంగీతం, ఆత్రేయ మాటలు. ‘కుర్రాళ్లోయ్ కుర్రాళ్లు’ పాట అప్పటి కాలేజీల్లో మారుమోగింది, ఇప్పటివారికి ‘మరో చరిత్ర’ పాటలు తెలిసినంతగా ఈ ఆల్బమ్ తెలియదు. విశ్వనాథన్ తన యాభైల వయసులో చేసిన పని ఇది. ఆ వయసులో అంత కుర్రతనం ఎక్కడినుంచి తెచ్చాడో!

సినిమాకు బయట తెలుగు పాప్ అని నేరుగా చెప్పదగిన ప్రయత్నం 1996లో జరిగింది. విశాఖపట్నం నుంచి వచ్చిన రమణ గోగుల తన ‘మిస్టీ రిథమ్స్’ బృందంతో ‘ఏ లైలా’ ఆల్బమ్ తెచ్చాడు. సినిమా లేదు, హీరో లేడు, కథా సందర్భం లేదు. పాట తన కాళ్ల మీద తాను నిలబడే ప్రయత్నం. తర్వాత ఆయన ‘ప్రేమంటే ఇదేరా’, ‘తమ్ముడు’, ‘బద్రి’ చేసి సినిమాలో పేరు తెచ్చుకున్నాడు, ఆల్బమ్ వెనుకబడిపోయింది. 2003లో పవన్ కల్యాణ్ స్వయంగా దర్శకత్వం వహించిన ‘జానీ’ ఘోరంగా దెబ్బతిన్నది. గోగుల చేసిన ఆ ఆల్బమ్‌లో మాత్రం అప్పటి తెలుగు సినిమా ఇంకా అలవాటు పడని గరుకు రాక్ శబ్దం ఉంది, దాని పక్కనే పల్లె తత్వాల బాణీలున్నాయి. రెండూ ఒకే సినిమాలో ఉండటం అప్పుడు వింతగా తోచింది. ఈనాటి తెలుగు బ్యాండ్లు చేస్తున్నది చాలావరకు ఆ కలయికే. 2025 సంక్రాంతికి ‘గోదారి గట్టు’ పాటతో, భీమ్స్ సంగీతంలో మధుప్రియతో కలిసి, గోగుల గొంతు మళ్లీ వినబడగానే ఊరూవాడా పులకించింది. ఆ సంతోషంలో కొంతైనా ‘జానీ’ దాకా, ‘ఏ లైలా’ దాకా వెనక్కి వెళ్లి వినే ఓపికగా మారితే బాగుంటుంది.

మా జిల్లాకే చెందిన ఇంకో పేరు చంద్రబోస్. చల్లగరిగ ఊరివాడు. 2023లో ‘నాటు నాటు’కు ఆస్కార్ అందుకున్నప్పుడు ఆయన మొదటి పాట ‘తాజ్‌మహల్’ (1995)లోనిదని పత్రికలన్నీ రాశాయి. ఆ పాటకు బాణీ కట్టింది ఎం.ఎం. శ్రీలేఖ అన్న సంగతి మాత్రం చాలాచోట్ల లేదు. చిన్న వయసులోనే సంగీత దర్శకురాలై, మగవారి కోటలాంటి ఆ రంగంలో పదుల కొద్దీ సినిమాలు చేసిన మనిషి ఆమె. తెలుగు సినిమా సంగీతంలో స్త్రీల లెక్క తీస్తే గాయనుల జాబితా పేజీలకు పేజీలు వస్తుంది, బాణీలు కట్టిన స్త్రీల జాబితా కొన్ని పేర్లతో ఆగిపోతుంది. ‘తాజ్‌మహల్’ పాటలు వినేటప్పుడు కవి ఒక్కడినే కాదు, ఆమెనూ గుర్తుపెట్టుకుని వినాలి.

రేడియో లలితగీతాల సంగతి టూకీగా చెబుతాను, ఎందుకంటే వాటిని తలచుకునేవారు ఇంకా ఉన్నారు. రావు బాలసరస్వతీదేవి, ఎస్. రాజేశ్వరరావు కలిసి గ్రామఫోను రోజుల్లో పాడినవీ, పాలగుమ్మి విశ్వనాథం రాసి బాణీ కట్టగా వేదవతీ ప్రభాకర్ పాడిన ‘అమ్మ దొంగా’, హైదరాబాద్ కేంద్రం నుంచి చిత్తరంజన్ చేసిన పాటలూ ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఆకాశవాణి కనీసం రచన ఎవరిది, సంగీతం ఎవరిది, గానం ఎవరిది అని ప్రతిసారీ చెప్పి పాట వేసేది. ఆ మూడు ముక్కల మర్యాద ఎంత విలువైనదో క్యాసెట్ల కాలం వచ్చాక గానీ తెలియలేదు.

క్యాసెట్ దగ్గర కాసేపు ఆగాలి. ఎనభయ్యో దశకంలో క్యాసెట్ వచ్చి దేశమంతటా గ్రామఫోను కంపెనీల గుత్తాధిపత్యాన్ని బద్దలుకొట్టింది. పెద్ద స్టూడియో అక్కర్లేదు, చిన్న పట్టణంలో చిన్న వ్యాపారి కూడా పాట రికార్డు చేసి అమ్మగలిగాడు. వరంగల్ ప్రాంతంలో ఈ దారిన బయటికొచ్చిన పాటల వైవిధ్యం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. సమ్మక్క సారలమ్మ పాటలు, మల్లన్న పాటలు, బతుకమ్మ పాటలు, ఒగ్గు కథలు, బావామరదళ్ల సరసాలు, తాగుబోతు మొగుడి మీద పెళ్లాం పాటలు. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చిందంటే కొత్త పాటలు వచ్చేవి, కొత్త సినిమా పాటతో పోటీపడి అమ్ముడయ్యేవి. దరువు అదే పాత డప్పు దరువు. దాని మీద క్యాసియో కీబోర్డు, రిథమ్ ప్యాడ్. శబ్దం పలచగా, కాస్త రేకు మోతలా ఉంటుంది. ఆ పలచటి శబ్దం వల్లే పండితులు వాటిని లెక్కలోకి తీసుకోలేదు. నాకు మాత్రం ఆ మోతలోనే ఒక పట్టణం సొంతంగా పాప్ సంగీతం తయారుచేసుకోవడం వినిపిస్తుంది. ఎవరూ నేర్పలేదు, మద్రాసు నుంచి దిగుమతి కాలేదు.

అలాంటి క్యాసెట్ అట్టను దగ్గరగా చూడండి. ముందువైపు గద్దెల మీద అమ్మవార్ల బొమ్మ, పసుపు కుంకుమల రంగులు. పాట పేర్లు, కంపెనీ పేరు, ధర, నకళ్లు తీస్తే చర్య తీసుకుంటామన్న హెచ్చరిక. గాయకుల పేర్లు ఉంటే ఉంటాయి, ఒక్కోసారి ఇంటిపేరు కూడా లేకుండా. రాసిందెవరో ఉండదు. డప్పు కొట్టిందెవరో అసలే ఉండదు. ఏ ఏడాదో ఉండదు. రోడ్రిగెజ్‌ను పట్టిచ్చిన కొస ఇక్కడ మొదట్లోనే తెగిపోయింది. పాడినందుకు ఒకసారి చేతిలో పెట్టిన డబ్బుతో లెక్క ముగిసింది కాబట్టి పేరు వేయాల్సిన అవసరం వ్యాపారికి కనబడలేదు.

ఇంకో రకం క్యాసెట్‌లో పేరు లేకపోవడానికి కారణం వేరు. డెబ్బై, ఎనభై దశకాల్లో వరంగల్ విద్యార్థి, విప్లవోద్యమాలకు కేంద్రం. 1972లో మొదలైన జననాట్యమండలి పాటలు ఇక్కడి హాస్టళ్లలో, పల్లెల్లో నోటి నుంచి నోటికి తిరిగాయి. ఆ పాటలు రాసినవారు మారుపేర్లతో రాశారు, లేదా పేరే పెట్టలేదు. ఇంట్లో క్యాసెట్ దొరకడమే ప్రమాదమైన రోజులవి. గద్దర్ గొంతు అందరికీ తెలుసు. ‘మా భూమి’ (1979) నిర్మించి, ‘రంగుల కల’ (1983) తీసి బి. నర్సింగరావు ఆ గొంతును తెరకెక్కించడం వల్ల కొన్ని పాటలు రికార్డుగా మిగిలాయి. ‘రంగుల కల’ పాటలను నేటి యువకులు వినాలని గట్టిగా చెబుతాను. అక్కడ గద్దర్ సభలో పాడినట్టు పాడడు, కాస్త తగ్గి, మనిషికి దగ్గరగా వచ్చి పాడతాడు. ఆ గొంతు చుట్టూ పాడిన పదుల మంది ఎవరో మాత్రం ఇక ఎప్పటికీ తెలియకపోవచ్చు.

తెలంగాణ ఉద్యమం నాటికి పరిస్థితి కొంత మారింది. ధూం ధాం వేదికల మీద కవి తన పేరుతోనే నిలబడ్డాడు. 2011లో ఎన్. శంకర్ ‘జై బోలో తెలంగాణ’ తీసినప్పుడు సంగీతం చక్రిదే. గద్దర్ ‘పొడుస్తున్న పొద్దు’ అందులోనిదే, మిట్టపల్లి సురేందర్ ‘రాతి బొమ్మల్లోన’ ‘పోరు తెలంగాణ’ సినిమాలోనిది. ఇవి నిలిచాయి. కానీ 2009 నుంచి 2014 దాకా సీడీల మీద, ఫోన్ మెమరీ కార్డుల మీద తిరిగిన వందల పాటలు రాష్ట్రం రాగానే పని తీరినవన్నట్టు మూలన పడ్డాయి. డిమాండు నెరవేరింది కాబట్టి పాట చెల్లదనుకోవడం పొరపాటు. బాణీగా, పాటగా వాటిలో కొన్ని గొప్పవి. సందర్భం పోయాక విన్నప్పుడే వాటి సంగీతం బాగా వినబడుతుంది కూడా. అందెశ్రీ పాటకు 2024లో రాష్ట్రగీతం హోదా దక్కింది. పాత వరంగల్ జిల్లా రేబర్తిలో పుట్టి, బడికి పోని పశుల కాపరిగా పెరిగిన ఆయన 2025 నవంబరులో కన్నుమూశారు. రాష్ట్రగీతం కాని ఆయన పాటలను ఇప్పుడైనా వరుసగా వినాలి.

ఇక 2023 మార్చిలో వచ్చిన ‘బలగం’. ఆ సినిమా చివరలో పాడిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులది వరంగల్ జిల్లా దుగ్గొండి మండలం. బుడగ జంగాల కళాకారులు. ఊరూరా తిరిగి, చావు జరిగిన ఇళ్లలో పోయినవారి కథను పాటగా అల్లి బతికినవారు. వెండితెర మీద కొన్ని నిమిషాలే కనిపించారు. ఊళ్లలో తెరలు కట్టి ఆ సినిమా చూపిస్తే, చూసినవారు ఏడ్చారు, విడిపోయిన అన్నదమ్ములు కలిశారని పత్రికలు రాశాయి. ఆ కొన్ని నిమిషాల పాట ఎంత నేర్పుగా ఉందో చూడండి. మొగిలయ్య వాక్యం ఎత్తుకుంటాడు, కొమురమ్మ దాని తోకను అందుకుని ముందుకు లాగుతుంది. మాటకూ పాటకూ మధ్య గీత ఎక్కడుందో పట్టుకోలేం. ఎదురుగా కూర్చున్న ఇంటివారి పేర్లు, పొరపొచ్చాలు, మొహమాటాలు అన్నీ అప్పటికప్పుడు పాటలోకి వస్తాయి. ఏ దేశపు గీతరచయితకైనా ఇది అసూయ కలిగించే విద్య. ఆ సినిమాకు ముందు వారి పాటకు జిల్లా దాటి పేరు లేదు. మొగిలయ్య 2024 డిసెంబరులో కిడ్నీల జబ్బుతో చనిపోయారు. సినిమాలోని ఆ కొద్దిసేపు తప్ప, ఒక నిండు కథను ఆ దంపతులు మొదటి నుంచి చివరిదాకా పాడగా మంచి మైకుల ముందు ఎవరైనా రికార్డు చేశారా అన్నదే నా బాధ. ఒగ్గు కథకు పేరు తెచ్చిన చుక్క సత్తయ్య (మాణిక్యపురం, జనగామ ప్రాంతం) 2017లో పోయినప్పుడూ ఇదే ప్రశ్న. చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పాట ఎంతమంది దగ్గర ఉంది?

పేరు గురించి మాట్లాడుతున్నాం కాబట్టి 2021 నాటి ‘సారంగ దరియా’ సంగతి తలచుకోవాలి. ‘లవ్ స్టోరీ’ కోసం సుద్దాల అశోక్ తేజ జానపద పల్లవిని తీసుకుని కొత్త చరణాలు రాశారు, మంగ్లీ పాడింది, పవన్ సీహెచ్ సంగీతం. పాట ఊపేసింది. ఆ పాటను తన అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నానని, తాను సేకరించి పాడుతున్నానని వరంగల్ జిల్లాకు చెందిన గాయని కోమలి ముందుకొచ్చింది. పెద్ద చర్చ జరిగింది. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు ఇస్తామన్నారు. జానపదం అందరిదీ అనే మాటలో నిజముంది. కానీ అందరిదైన పాట ఎవరో ఒకరి నోట బతికే మనదాకా వచ్చింది. ఆ నోటికి పేరుంది, ఊరుంది. ఆమె గట్టిగా అడిగినందువల్ల ఒక్క పాటకైనా మన చెవికి రాకముందు ఎక్కడుందో నమోదైంది. అడగని కోమలులు ఇంకెందరో.

యూట్యూబ్ వచ్చాక సినిమా అండ లేకుండానే పాట కోట్లమందికి చేరుతోంది. మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ పెళ్లి బరాత్‌లను ఎలా పట్టుకుందో అందరం చూశాం. చౌరస్తా బృందం ‘ఊరెళ్లిపోతా మామా’తో రెగ్గే నడకను తెలుగు పల్లె బెంగకు అమర్చింది. ఆ ఒక్క పాట విన్నవారు వారి మిగతా పాటలూ వినాలి. బతుకమ్మ వస్తే చానళ్లు కొత్త పాటలు చేస్తాయి. 2021లో ఏ.ఆర్. రహమాన్ బాణీతో, గౌతమ్ మీనన్ చిత్రీకరణతో, మిట్టపల్లి సురేందర్ మాటలతో ‘అల్లిపూల వెన్నెల’ వచ్చింది. వినసొంపైన పాటే, కానీ హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల రోజు ఆడవాళ్లు చప్పట్లతో తిరిగే ఆ నిదానపు లయ నాకు అందులో దొరకలేదు. ఇప్పటి వీడియోల కింద పేర్లన్నీ రాస్తున్నారు. పాడింది, రాసింది, కీబోర్డు వాయించింది, ఎడిటింగ్ చేసింది కూడా. క్యాసెట్ అట్ట చేయని న్యాయం ఇది. ఇక్కడ ముప్పు వేరే చోట ఉంది. చానల్ మూతపడితే, హక్కుల గొడవతో వీడియో తీసేస్తే, ఆ పాటతోపాటు ఆ పేర్లూ ఒక్క రాత్రిలో పోతాయి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి కవికీ, సంగీతకారుడికీ రాయల్టీలో వాటాను ఎవరూ లాక్కోలేని హక్కుగా చేశారు. ఆ హక్కు వాడుకోవాలంటే ముందు పాట మీద పేరుండాలి, పాత క్యాసెట్ల కళాకారులకు అదే లేదు.

జానపదాన్ని సేకరించడం ఈ జిల్లాకు కొత్త కాదు. దేవునూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయాల మీద యాభయ్యో దశకంలోనే డాక్టరేటు చేసి దక్షిణాదిలో ఆ చదువుకు దారి వేశారు. తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది. అయితే మన పరిశోధన ఇప్పటికీ పొలంలో, తిరునాళ్లలో విన్న పాటనే జానపదంగా చూస్తుంది. కీబోర్డు తగిలిన పాట కలుషితమైనదని పక్కన పెడుతుంది. ఆ గీత చెరిపేయాల్సిన సమయం వచ్చింది. నాటుపాట స్టూడియోలోకి వెళ్లి ఏమైంది, ఏ వాయిద్యం చేరింది, ఏ చరణం జారిపోయింది, ధర ఎంత, ఎక్కడెక్కడ అమ్మారు అన్నవి కూడా పరిశోధించదగిన సంగతులే.

క్యాసెట్ టేపు ఎక్కువ కాలం ఆగదు. వానాకాలపు తేమకు బూజు పడుతుంది, పొరలు అంటుకుపోతాయి, తిప్పితే తెగుతుంది. వాటిని వినిపించే టేప్‌రికార్డర్లు బాగుచేసేవారు కూడా ఊళ్లో ఒకరిద్దరే మిగిలారు. ఇళ్లలో, పాత దుకాణాల అటకల మీద మిగిలినవాటిని అడిగి తెచ్చి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక్కోదానికి ఒక్కో కాగితం రాయాలి. పాడింది ఎవరు, ఏ ఊరు. రాసింది ఎవరు. బాణీ ఎవరి దగ్గర నేర్చుకున్నది. డప్పు ఎవరిది, కీబోర్డు ఎవరిది. ఏ జాతరకు వచ్చింది. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలవారు చాలామంది ఇంకా ఊళ్లలోనే ఉన్నారు. జనగామ, మహబూబాబాద్, నర్సంపేట, పరకాల, ములుగు పట్టణాల్లో క్యాసెట్ దుకాణం నడిపి మానేసినవారి దగ్గరే ఈ పని మొదలుపెట్టాలి. వాళ్లకు గాయకుల ఇళ్లు తెలుసు.